జిల్లా మొత్తానికి నెట్ ఆపగలరు, ఒక్క ఫొటో తీయించలేరా?

ఇంటర్నెట్‌ని అదుపు చెయ్యడం మన ప్రభుత్వాలకి చేతకాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మా కోనసీమ వాళ్ళనడగండి, చెప్తారు. 2022 మే 24న కొత్త జిల్లా పేరు మీద గొడవై అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు కాల్చేశారు. కుర్రాళ్ళని వాట్సాప్ గ్రూపుల్లో పోగుచేశారని పోలీసులన్నారు. అంతే, జిల్లాలో మొబైల్ నెట్ ఆగిపోయింది. పూటో రోజో కాదు, దాదాపు రెండు వారాలు! సుమారు 17 లక్షల జనాభా ఉన్న జిల్లా అది. కొట్లో ఫోన్ చూపించి డబ్బులు కట్టే వీల్లేదు, అప్లికేషన్లు పెట్టుకునే పిల్లలకి దారి లేదు. వర్క్ ఫ్రం హోమ్‌లో ఉన్న మనలాంటివాళ్ళు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని గోదావరి గట్ల మీద, యానాం వైపు సిగ్నల్ ఎక్కడ అందుతుందా అని తిరిగారు.

ఆ ఆపడం తప్పా ఒప్పా అనే చర్చ వేరు. నేను చెప్పేదేంటంటే, చెయ్యాలనుకున్నప్పుడు మనవాళ్ళు గంటల్లో చెయ్యగలరు. మరి ఒక మైనరు పిల్ల ఫొటో మార్ఫింగ్ చేసి ఎవడో దొంగ అకౌంట్‌లో పెడితే, ఆ ఒక్క ఫొటో తీయించడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

నాకు తెలిసిన ఒక కేసులో 19 రోజులు పట్టింది. 2025లో సంగతి. మా వైపు ఇంటర్ చదివే అమ్మాయి. వాళ్ళమ్మ కువైట్లో ఉంటుంది, పిల్ల అమ్మమ్మ దగ్గర. "అన్నయ్యా, మీరు సాఫ్ట్‌వేర్ కదా, తీసెయ్యగలరేమో చూడండి" అని ఆ అమ్మాయి ఫ్రెండ్ నాకు ఫోన్ చేసింది. సాఫ్ట్‌వేర్ వాడంటే ఇంటర్నెట్‌కి ఓనర్ అనుకుంటారు మనూళ్ళల్లో! అమ్మాయి చేత రిపోర్ట్ కొట్టించాం. కొద్ది నిమిషాల్లోనే జవాబొచ్చింది, "ఇది మా నియమాలకు విరుద్ధంగా లేదు" అని. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టించాం. ఠంచనుగా 24 గంటల్లో టికెట్ నంబరొచ్చింది. ఆ తర్వాత నిశ్శబ్దం. పందొమ్మిదో రోజున అకౌంట్ మాయమైంది. ఎవరు తీశారో, ఎందుకు తీశారో, వాడు మళ్ళీ ఇంకో పేరుతో పెడతాడో లేదో ఎవరూ చెప్పలేదు. ఆ 19 రోజుల్లో ఆ పిల్ల కాలేజీకి వెళ్ళింది నాలుగు రోజులు.

ఆ ప్లాట్‌ఫాం పేరు ఇక్కడ అనవసరం. ఏదైనా ఒకటే.

సరే, చట్టం లేదా అంటే భేషుగ్గా ఉంది. ఐటీ చట్టంలో 67బి సెక్షన్ 2009 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని అసభ్యంగా చూపించే కంటెంట్ తయారుచెయ్యడం, పెట్టడం, వెతకడం, చూడటం, పంచడం అన్నీ నేరాలే. 2012లో పోక్సో వచ్చింది. 2024 సెప్టెంబర్లో సుప్రీంకోర్టు ఇంకో మెట్టెక్కి, అలాంటివి దగ్గరుంచుకుని చెరిపెయ్యకుండా, ఫిర్యాదు చెయ్యకుండా ఉండటం కూడా నేరమే కావచ్చని తేల్చింది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం నగ్నత్వం గానీ, మార్ఫింగ్ చేసిన బొమ్మ గానీ ఉందని బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తియ్యాలి. చూశారా, 'మార్ఫింగ్' అనే మాట రూల్లోనే ఉంది. 2026 ఫిబ్రవరి సవరణల్లో ఆ గడువుని 2 గంటలు చేశారు.

24 గంటల్లో అవ్వాల్సిన పని 19 రోజులు పడితే, గడువు 2 గంటలకి తగ్గించడం! లేటైన ప్రాజెక్టుకి మన మేనేజర్లు చేసేది కూడా ఇదే కదా. ఎందుకు లేటైందో చూడకుండా డెడ్‌లైన్ ముందుకి జరుపుతారు. ఎక్సెల్ షీట్ చూడముచ్చటగా ఉంటుంది, డెలివరీ మాత్రం ఎప్పటిలాగే.

మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ చక్కగా రాశారు, టెస్టింగ్ పెట్టలేదు. 24 గంటల గడువు దాటిన ఫిర్యాదులెన్ని, ఎంతసేపు దాటాయి, ఏ కంపెనీ ఎక్కువ దాటింది అని లెక్కపెట్టే వాడెవడూ లేడు. మానిటరింగ్ లేని ఎస్‌ఎల్‌ఏకి విలువెంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

పోనీ గడువు దాటితే ఏమవుతుంది? రూల్స్ ప్రకారం కంపెనీకి 79వ సెక్షన్ రక్షణ పోతుంది. అంటే, జనం పెట్టినదానికి తనకి బాధ్యత లేదని చెప్పుకునే హక్కు పోతుంది. వినడానికి పెద్ద శిక్షే. కానీ ఆ తర్వాత ఎవరో ఒకరు కోర్టుకెళ్ళి కేసు నడిపితేనే దానికి అర్థం. ఇంటర్ చదివే పిల్ల, కువైట్లో ఉన్న తల్లి, బీపీ మాత్రలేసుకునే అమ్మమ్మ... వీళ్ళలో ఎవరు వెళ్తారండీ, వేల కోట్ల కంపెనీ మీద కేసుకి? 2021లో ట్విట్టర్ అధికారుల్ని నియమించలేదని, దానికి ఆ రక్షణ పోయిందని కేంద్రం ఢిల్లీ హైకోర్టులో చెప్పింది. నెల తిరిగేసరికి ట్విట్టర్ అధికారుల్ని పెట్టుకుంది, గొడవ చల్లారిపోయింది. ఆ గొడవ వల్ల ఏ పిల్ల ఫొటో అయినా తొందరగా దిగిందా అంటే నాకు కనబడలేదు.

బ్యాంకు తప్పు చేస్తే రిజర్వ్ బ్యాంక్ ఏం చేస్తుంది? తనిఖీ చేస్తుంది, తప్పు దొరికితే జరిమానా వేస్తుంది, పేపర్‌కెక్కిస్తుంది. చిన్న తప్పుకి లైసెన్సు పీకెయ్యదు, ఊళ్ళో ఏటీఎంలన్నీ మూయించదు. ఇంటర్నెట్ విషయంలో మన దగ్గర ఆ మధ్యమెట్లే లేవు. అయితే ఏమీ చెయ్యరు, లేకపోతే జిల్లాకి జిల్లా ఆపేస్తారు.

ఒక పోలిక చెప్తాను. 2023 అక్టోబర్లో మన ఐటీ శాఖ ఎక్స్, యూట్యూబ్, టెలిగ్రాం సంస్థలకి నోటీసులిచ్చింది, పిల్లల మీద లైంగిక హింసకి సంబంధించిన కంటెంట్ మీ దగ్గరుంటే వెంటనే తియ్యండి, లేకపోతే 79 రక్షణ పోతుందని. సరిగ్గా అదే నెలలో ఆస్ట్రేలియా ఈసేఫ్టీ కమిషనర్ అదే ఎక్స్ కంపెనీకి 6,10,500 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. దేనికో తెలుసా? అలాంటి కంటెంట్ గురించి అడిగిన ప్రశ్నలకి సరిగ్గా జవాబు చెప్పనందుకు! ఫిర్యాదొస్తే ఎంతసేపట్లో స్పందిస్తారు, లైవ్‌లో వచ్చేవాటిని ఎలా పడుతున్నారు, ఇలాంటి ప్రశ్నలవి. ఎక్స్ కోర్టుకెళ్ళింది, 2024 అక్టోబర్లో ఫెడరల్ కోర్టులో ఓడిపోయింది. ఎక్స్‌కి ఆ డబ్బు చిల్లర కావచ్చు. కానీ 'అడిగితే చెప్పాలి' అన్నది అక్కడ స్థిరపడింది. మన నోటీసులో బెదిరింపు ఉంది, ప్రశ్నలు లేవు.

ఇక మన తెలుగు సంగతి. 2024 జూలైలో ఒక తండ్రీ కూతుళ్ళ వీడియో మీద ఒక తెలుగు యూట్యూబర్, అతని స్నేహితులు కలిసి చేసిన అసహ్యమైన కామెడీ గుర్తుందా? హీరో సాయిధరమ్ తేజ్ అది చూసి, ఇద్దరు ముఖ్యమంత్రుల్నీ ట్యాగ్ చేసి పోస్ట్ పెట్టాడు. ఒక్కసారి కదలికొచ్చింది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, నాలుగు రోజుల్లోపే బెంగళూరులో అతన్ని అరెస్ట్ చేసింది. పోక్సో కూడా పెట్టారు. మంచి పనే, కాదనను. ఆ హీరోని మెచ్చుకోవాల్సిందే. కానీ ఒక సినిమా హీరో ఫోన్లో పడితే నాలుగు రోజులు, మామిడికుదురులో పిల్లకైతే దిక్కు లేదు అంటే అది చట్టం అమలా, లాటరీయా?

అసలు అలాంటి మాటలు యంత్రానికి ఎందుకు దొరకవు? అవి తెలుగులో ఉంటాయి కాబట్టి. అందులోనూ సగం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, సగం డబుల్ మీనింగులు, ఏ జిల్లా బూతు ఆ జిల్లాది. 2021లో బయటికొచ్చిన ఫేస్‌బుక్ లోపలి కాగితాల్లో హిందీ, బెంగాలీ భాషలకే సరైన క్లాసిఫయర్లు లేక చాలా కంటెంట్ జల్లెడలో పడట్లేదని ఉంది. హిందీ గతే అదైతే తెలుగు గతి ఊహించుకోండి. చిత్రమేమిటంటే, ప్రపంచం చెత్త ఏరే పని మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఫేస్‌బుక్ కోసం అక్కడ ఒక ఔట్‌సోర్సింగ్ కంపెనీలో పనిచేసే మోడరేటర్లు తక్కువ జీతం, ఎక్కువ ఒత్తిడి అని మొత్తుకుంటున్నట్టు 2019లో రాయిటర్స్ రాసింది. చెత్త ఏరేది మన పిల్లలే, మన పిల్లల ఫొటోలు మాత్రం అలాగే ఉంటాయి.

ఇక్కడ యూరప్ చేసిన ఒక పని నాకు తెగ నచ్చింది. వాళ్ళ డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం పెద్ద ప్లాట్‌ఫాంలు ఏ భాషకి ఎంతమంది మోడరేటర్లున్నారో లెక్క బయటపెట్టాలి. యూరోపియన్ యూనియన్ అధికార భాషలన్నిటికీ, విడివిడిగా. పదమూడు లక్షల మంది ఉన్న ఎస్టోనియా భాషకీ లెక్క చెప్పాలి. మన కోనసీమ ఒక్కటే అంతకన్నా పెద్దది కదా! మన 2021 రూల్స్‌లో కూడా 50 లక్షల యూజర్లు దాటిన కంపెనీలు నెలనెలా రిపోర్ట్ ఇవ్వాలని ఉంది. ఇస్తున్నారు కూడా. ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఏం చర్య తీసుకున్నారు అని. అందులో భాషల వారీ లెక్క అడగలేదు. ఎనిమిది కోట్ల పైన మాట్లాడే తెలుగుకి ఎంతమందిని పెట్టారో మనకి తెలిసే దారి లేదు.

టెక్నాలజీ లేదా అంటే, కొంతవరకు ఉంది. మనకి తెలిసిన షా-256 ఇక్కడ పనికిరాదు, ఒక్క పిక్సెల్ మారితే హాష్ అంతా మారిపోతుంది. 2009లో మైక్రోసాఫ్ట్, డార్ట్‌మత్ ప్రొఫెసర్ హనీ ఫరీద్ కలిసి చేసిన ఫొటోడీఎన్‌ఏ వేరే రకం. బొమ్మ సైజు మార్చినా, రంగు కొంచెం మార్చినా హాష్ దగ్గరదగ్గరగా వస్తుంది. కాబట్టి ఒకసారి తీసిన ఫొటోని మళ్ళీ ఎక్కకుండా ఆపడం ఇవాళ పెద్ద సమస్య కాదు. కొత్త మార్ఫింగ్‌ని కనిపెట్టడమే కష్టం, అక్కడ మనిషి కావాలి, భాష తెలిసిన మనిషి. యంత్రాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చూశాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి డాక్టర్‌కి చూపించడానికి కొడుకు ఫొటో తీస్తే గూగుల్ అతని అకౌంట్ మూసేసింది. తప్పు లేదని పోలీసులు తేల్చినా తిరిగివ్వలేదని 2022లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. కాబట్టి తీసెయ్యడానికి ఎంత వేగం కావాలో, తప్పుగా తీస్తే తిరిగి పెట్టడానికీ అంత వేగం కావాలి.

ఎన్‌క్రిప్షన్ ఉందండీ, వాట్సాప్‌లో ఎలా అంటారేమో. ఎన్‌క్రిప్షన్ పగలగొట్టమని నేననట్లేదు. అందుకున్న మనిషి రిపోర్ట్ కొడితే ఆ చాట్‌లో చివరి కొన్ని మెసేజీలు వాట్సాప్‌కి చేరతాయి. తలుపులు బద్దలు కొట్టే ముందు, లోపలున్నవాళ్ళు పిలిస్తే పలకడం మొదలెట్టాలి.

ఇంకో మందు ఈ మధ్య బాగా వినబడుతోంది, పిల్లలకి సోషల్ మీడియానే వద్దు అని. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ళ లోపు వాళ్ళకి ఆపేసింది. మొదట్లోనే 47 లక్షల అకౌంట్లు తీసేశారని 2026 జనవరిలో ప్రకటించారు. అదే నెలలో మంత్రి లోకేష్ ఆంధ్రాలో కూడా ఆలోచిస్తున్నామన్నాక మనవైపూ చర్చ మొదలైంది. వయసు కట్టడి అసలు వద్దని నేననను. కానీ అది ఈ జబ్బుకి మందు కాదు. ఆ అమ్మాయి ఫొటో అక్కడ పెట్టింది ఆ అమ్మాయి కాదు. ఆమెకి అకౌంట్ లేకపోయినా ఆ ఫొటో ఉండేది, పైగా తనకి తెలిసేది కూడా కాదు. చట్టవిరుద్ధమైనది పదహారేళ్ళ వాడికీ, అరవయ్యేళ్ళ వాడికీ చట్టవిరుద్ధమే. చూసేవాళ్ళని బయటికి పంపితే సరిపోదు, దాన్ని తియ్యాలి.

పైగా తల్లిదండ్రుల అనుమతి అనే మాట మా కోనసీమలో ఒకసారి పరీక్షించి చూడండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ సరిచూడదగ్గ అనుమతి తీసుకోవాలి. 2025 నవంబర్లో రూల్స్ వచ్చాయి. ఈ నిబంధన అమలుకి 2027 మే దాకా గడువుంది. బాగుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు వెళ్ళండి. అమ్మ కువైట్లో, నాన్న దుబాయ్‌లో, లేదా ఇద్దరూ అక్కడే. ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ. ఆ స్మార్ట్‌ఫోన్ కొని పంపిందే వీడియో కాల్‌లో పిల్ల మొహం చూసుకోవడానికి. ఓటీపీ వస్తే అమ్మమ్మ ఫోన్లోంచి చదివి కొట్టేది ఆ పిల్లే! పేరెంటల్ కంట్రోల్ అని కంపెనీలు బాధ్యతని తల్లిదండ్రుల నెత్తిన పెట్టడం తేలిక. ఆ తల్లి నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో ఇంకొకళ్ళ పిల్లల్ని చూసుకుంటోంది.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళొచ్చుగా అంటారా? వెళ్ళాం. ఎస్సైగారు మర్యాదగానే మాట్లాడారు. కానీ ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఇన్స్‌పెక్టర్ స్థాయికి తక్కువ కాని అధికారే ఈ కేసులు దర్యాప్తు చెయ్యాలి. పల్లెటూరి స్టేషన్లో పెద్ద ఎస్సైగారే. అంటే ఫైలు సర్కిల్‌కి వెళ్ళాలి, అక్కడున్న సీఐ గారికి హత్యలు, యాక్సిడెంట్లు, బందోబస్తులు అన్నీ ఉంటాయి. ఆడపిల్ల తరఫు వాళ్ళు ఆ మెట్లన్నీ ఎక్కేలోపు ఊరంతా తెలుస్తుంది. అందుకే చాలామంది మొదటి మెట్టు దగ్గరే వెనక్కి తిరుగుతారు.

ఇప్పుడు అసలు భయం. ప్రభుత్వానికి ఇంత అధికారం ఇస్తే దాన్ని పిల్లల కోసమే వాడుతుందా? ఆంధ్రాలో ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా, తమ మీద పోస్ట్ పెట్టిన వాళ్ళని అర్ధరాత్రి ఎత్తుకెళ్ళడం మనం చూస్తూనే ఉన్నాం. మనకి నచ్చని పార్టీ వాడిని పట్టుకుంటే చప్పట్లు, మన వాడిని పట్టుకుంటే ప్రజాస్వామ్యం గుర్తుకురావడం... అదీ చూస్తూనే ఉన్నాం. 66ఎ సెక్షన్ని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది ఇందుకే. కాబట్టి నేనడిగే నియంత్రణ మంత్రి చేతిలో ఉండకూడదు. 'అభ్యంతరకరం' లాంటి సాగే మాటలుండకూడదు. చట్టంలో నేరమని స్పష్టంగా రాసి ఉన్నవి మాత్రమే. పిల్లల మీద లైంగిక కంటెంట్, అనుమతి లేని నగ్న చిత్రాలు, మార్ఫింగులు, బ్లాక్‌మెయిల్. జాబితా చిన్నదిగా ఉంటేనే అమలు గట్టిగా ఉంటుంది. అన్నీ చేస్తామనేవాడు తనక్కావలసినవే చేస్తాడు.

నాకు తోచినవి నాలుగు:

1. సెబీ, ట్రాయ్ లాగా చట్టంతో ఏర్పడిన విడి రెగ్యులేటర్. కంపెనీల్ని ప్రశ్నలడిగి, జవాబు రాకపోతే జరిమానా వేసే అధికారం ఉండాలి. యూరప్‌లో ప్రపంచవ్యాప్త ఆదాయంలో 6 శాతం, బ్రిటన్లో 10 శాతం దాకా వెయ్యొచ్చు. అంతెందుకు, ముందు ఒక శాతంతో మొదలెట్టండి.

2. గడువు లోపల ఎన్ని ఫిర్యాదులు తీర్చారో, తెలుగుకి ఎంతమంది మోడరేటర్లున్నారో, మూడు నెలలకోసారి భాషల వారీగా లెక్క. అబద్ధం చెప్తే జరిమానా.

3. జిల్లాకొక మనిషి. అమలాపురంలో కూర్చుని, తెలుగులో ఫిర్యాదు తీసుకుని, పిల్ల పేరు బయటికి రాకుండా, టికెట్ మూసేదాకా కంపెనీ వెంటపడే ఒక అధికారి. ఇన్స్‌పెక్టర్ స్థాయి ఉండాలి, బందోబస్తు డ్యూటీలు ఉండకూడదు.

4. తప్పుగా తీసేసిన వాటికి అప్పీలు, అది కూడా రోజుల్లో తేలాలి. కేంద్రం 2023లో పెట్టిన అప్పీల్ కమిటీలకి 30 రోజుల లక్ష్యం ఉంది. ఆ కమిటీల్లో అందర్నీ వేసేది కేంద్రమే. అవి కూడా రెగ్యులేటర్ కిందకి రావాలి.

ఇవేవీ రాకెట్ సైన్సు కాదు. వీటికయ్యే ఖర్చు రెండు వారాలు ఒక జిల్లా నెట్ ఆపితే జరిగే నష్టంతో పోలిస్తే ఎంత?

అవి వచ్చేలోపు మీ ఊరి నుంచి మీకూ అలాంటి ఫోన్ రావచ్చు, మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా. అప్పుడు ఆ ఫొటో మీకు పంపమని అడక్కండి, గ్రూపులో ఫార్వర్డ్ చెయ్యనివ్వకండి, అది మీ ఫోన్లో ఉన్నా చిక్కే. లింకు, అకౌంట్ పేరు, చూసిన తేదీ, టైము రాసుకుని ఉంచమనండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పిల్లలకి సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ నడిపే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవలో ఫొటో ఎక్కించక్కర్లేదు, హాష్ తన ఫోన్లోనే తయారై అదొక్కటే వెళ్తుంది. చేరిన కంపెనీలు దానితో పోల్చి చూస్తాయి. పిల్ల మరీ బెదిరిపోయి ఉంటే 1098కి ఫోన్ చేయించండి. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టిన టైము మాత్రం మర్చిపోకుండా దాచండి. గడువు దాటిందని రుజువు చెయ్యడానికి ఇవాళ మన దగ్గరున్నది అదొక్కటే.

అన్నిటికన్నా ముందు ఆ పిల్లకి "నీ తప్పేం లేదమ్మా" అని చెప్పండి. మేం ఫోన్ చేసినప్పుడు ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట, "మా అమ్మకి చెప్తారా?" అని.